రాజుగారి పుండూ మా బావ కాలూ

మా బావ కాలు తీసేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు నా చేతిలో బైబిలు ఉంది. భక్తితో తెచ్చుకున్నది కాదు. పాత నిబంధనలో దేవుడిచ్చిన తీర్పుల మీద వ్యాసం రాస్తానని ఒక చిన్న పత్రికకు మాటిచ్చాను. దవాఖానలో రోగి పక్కన కూర్చునేవాడికి వేరే పనేమీ ఉండదు కనక పుస్తకాన్నీ ఎర్ర పెన్సిలునూ సంచిలో వేసుకుని వచ్చాను. కుర్రతనంలో మాకు వాదం నేర్పినవాళ్లు మొదట చెప్పింది ఇదే: ఎదుటివాడి గ్రంథాన్ని వాడికంటే ఎక్కువ చదవాలి. నేను చదివాను. నల్ల అట్ట, బంగారు రంగు అంచు, లోపల ఏ పుట తీసినా నా ఎర్ర గీతలు. అవి తప్పులు పట్టిన గీతలని నాకు తెలుసు. దూరం నుంచి చూసేవాళ్లకు భక్తి ముదిరిన గీతల్లా కనిపిస్తాయన్నది మాత్రం నాకు తట్టలేదు.

బావ అంటే మా అక్క భర్త. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మగ్గం గుంటలో దిగినప్పుడు కాలికి ఏదో గుచ్చుకుంది. స్పర్శ పోయిన కాలు కనక నొప్పి తెలియలేదు, నొప్పి లేదు కనక పట్టించుకోలేదు. పుండు వాసన అక్క ముక్కుకు తగిలాకే పెద్ద దవాఖానకు తీసుకొచ్చాం.

డాక్టరమ్మ వయసులో చిన్నది. రాత్రంతా డ్యూటీ చేసినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మోకాలి కింద తీసెయ్యాలి. ఇన్ఫెక్షన్ పైకి పాకుతోంది. లేట్ చేస్తే మోకాలి పైన తియ్యాలి. ఇంకా లేట్ చేస్తే తియ్యడానికి పేషెంట్ ఉండడు" అంది. మూడు మాటలనూ ఒకే గొంతుతో చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

"నేను సంతకం పెట్ట" అన్నాడు బావ.

"ఎందుకు పెట్టవ్?" అంది అక్క.

"కాలు లేంది మగ్గం మీద కూసొని ఏం జెయ్యాలె? కింద కర్రలు చేతుల్తోటి తొక్కాల్నా?" అని, అక్కతోనే మళ్లీ అన్నాడు: "నువ్వు ఇంటికి పో. మగ్గం మీది బట్ట కొయ్యి. పోగులు గూడ గుంజెయ్యి. పన్నె దీసి అటుక మీద పెట్టు."

అక్క ముఖం పాలిపోయింది. నేతపని తెలియనివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. నేసిన బట్టను మగ్గం మీంచి కోసేటప్పుడు మేం మొత్తం కోసెయ్యం. పన్నె అంటే దువ్వెనలాంటిది, దాని పళ్ల సందుల్లోంచి పడుగు పోగులన్నీ వస్తాయి. బట్ట కోశాక పన్నెలో ఆ పోగుల కొసల్ని కాస్త మిగిల్చి ముడివేసి ఉంచుతారు. కొత్త పడుగు రాగానే పాత కొసకు కొత్త కొస చేర్చి, బూడిద అద్దుకున్న వేళ్లతో ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. ఆ కొసలుంటే మగ్గం మళ్లీ నడుస్తుంది. కొసలు కూడా గుంజేశారంటే ఆ ఇంట్లో ఇక నేసేవాడు లేడని. మా నాన్న పోయాక మా ఇంట్లో అలాగే గుంజేశారు. నేను పలకా బలపం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

అక్క "సరే" అని, టిఫిను డబ్బా తీసుకుని ఇంటికి పోయింది.

నేను వాదం మొదలుపెట్టాను. అది నా వృత్తి కాదు గానీ జీవితమంతా చేసిన పని అదే. కాలు లేని మనిషికీ, మనిషి లేని కాలుకూ తేడా చెప్పాను. కృత్రిమ కాళ్ల గురించి చెప్పాను. నీ చావు వల్ల ఎవరికి లాభమో చెప్పమన్నాను. బహిరంగ సభల్లో నా ఎదుట స్వాములు నోరు మెదపలేకపోయిన రోజులున్నాయి. బావ అంతా విన్నాడు.

"అయిందా, బామ్మర్ది?"

"అయింది."

"మైకు లేదు గద, గొంతు నొస్తది. జర నీళ్లు తాగు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజం కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలిసింది.

నేను నీళ్లు తాగి పుస్తకం తెరిచాను. అప్పుడే పక్క మంచం దగ్గరున్న ఆమె లేచి కొంగు సర్దుకుని నా దగ్గరికి వచ్చింది. భర్తకు కడుపులో ఆపరేషన్ అయింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చారని పొద్దునే మా అక్కతో చెప్పుకుంది.

"పాస్టరుగారూ, జర మాకు గూడ ఒక ముక్క చదవుండ్రి. ఇంట్ల మా కోడలు చదివి ఇనిపిస్తది. నాకు చదువు రాదు."

"నేను పాస్టర్ను కానమ్మా."

"మా ఊరి పాస్టరుగారు గూడ గట్లనే అంటరు, ఉత్త సేవకున్ని అని."

"నేను అసలు దేవుణ్ణే నమ్మను."

ఆమె నా తెల్ల చొక్కానూ, నల్ల అట్టనూ, పుటల నిండా ఉన్న గీతల్నీ చూసింది. "మమ్ముల పరీక్ష జేస్తాండ్రు" అని నవ్వి నేల మీద కూర్చుంది.

ఇంత తేలిగ్గా శ్రోతలు దొరకడం నాకు అలవాటు లేదు. సరే, ఏది చదువుతున్నానో అదే చదువుదాం, వినేవాళ్లు వింటారు అనుకున్నాను. నేను ఆ పూట గీతలు గీస్తున్నది యూదుల రాజొకడి కథ. రాజుకు మరణకరమైన జబ్బు చేస్తుంది. ప్రవక్త వచ్చి, ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు, ఇది దేవుడి మాట అంటాడు. రాజు గోడవైపు తిరిగి ఏడుస్తాడు. ఏడ్చి, నేను నీ ఎదుట నిజాయితీగా నడిచాను గదా, గుర్తు చేసుకో అంటాడు. ప్రవక్త తిరిగివచ్చి, దేవుడు నీ కన్నీళ్లు చూశాడు, ఇంకో పదిహేనేళ్లు ఇచ్చాడు అంటాడు.

గోడవైపు తిరిగి అన్న దగ్గర నా గొంతు కాస్త తగ్గింది. బావ మంచం వైపు చూడకుండా చదివాను.

"ఇక్కడ గమనించండి" అన్నాను. "ఒకే దేవుడు, ఒకే రోగి, రెండు తీర్పులు. మొదటిది నిజమైతే రెండోది అబద్ధం. రెండోది ముందే తెలిస్తే మొదటిది బెదిరింపు. ప్రవక్త రాజు ముంగిలి కూడా దాటలేదు, మళ్లీ వెనక్కి పిలిపించారు. మన మండలాఫీసులో కూడా మాట ఇంత తొందరగా మారదు."

"అవును పాస్టరుగారూ" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "ఎంత దయ."

నేను ఇంకా గట్టిగా కొట్టాను. "సరే, దయే అనుకుందాం. దీనికి ముందు పుటలోనే దేవుడి దూత ఒకడు ఒక్క రాత్రిలో ఒక సైన్యాన్ని మొత్తం చంపుతాడు. తెల్లారేసరికి అన్నీ శవాలే. వాళ్లెవరూ గోడవైపు తిరిగి ఏడవలేదా? వాళ్లకు తల్లులు లేరా? ఏడుపు వినబడాలంటే రాజభవనంలో ఏడవాలా? ఆ దయకు దూరం పెరిగే కొద్దీ చెవులు పనిచెయ్యవా?"

ఇది నా ఉపన్యాసాల్లో బాగా పేలే ఘట్టం. హన్మకొండలో ఎప్పుడు చెప్పినా చప్పట్లు పడేవి. ఇక్కడ ఆమె తల ఊపింది.

"గది నేను గూడ అడుగుత. మా పెద్దోడు బండి మీద రఘునాథపల్లి దాటంగ లారీ కింద పడ్డడు. దవాఖాన్ల ఉన్నన్ని రోజులు నేను గూడ గోడ దిక్కు మలిగే ఏడ్సిన. పదిహేనేండ్లు అడగలే. పెండ్లి అయ్యేదాంక అన్న. ఇయ్యలే."

నా చేతిలో పెన్సిలు ఉంది. దాన్ని చెవి మీద పెట్టుకున్నాను. "మరి ఎందుకు నమ్ముతావమ్మా?"

"నమ్మకుంటే కోపం ఎవల మీద జెయ్యాలె? లేనోని మీద కోపం జెయ్యరాదు గద."

ఈ వాదన నాకు ఇంతకు ముందు ఎవరూ వినిపించలేదు. దానికి జవాబు ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ పూట మాత్రం పుట అంచున ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు చదివాను.

రోగం తగ్గాక ఆ రాజు ఒక పద్యం చెప్పుకుంటాడు. నా బతుకును నేతవాడు బట్ట చుట్టినట్టు చుట్టేశాననీ, నన్ను మగ్గం మీంచి కోసేస్తున్నారనీ అంటాడు. ఆ మాట చదవగానే గోడవైపు నుంచి గొంతు వినిపించింది.

"రాజుకు మగ్గం సంగతి ఎట్ల ఎరుక?"

బావ ఇటు తిరగలేదు. "రాసినవాడికి తెలిసి ఉంటుంది" అన్నాను.

"కోసేటప్పుడు కొసలు ఉంచిండ్రా, గుంజేసిండ్రా?"

"ఆ సంగతి రాయలేదు."

"గదే రాయాలె. నేతోల్లను అడిగి రాస్తే అయిపోయేది."

"మీరు మగ్గపోల్లేనా అన్నా?" అంది ఆమె.

"మాదీ గిసొంటి కథనే ఉన్నదమ్మా. మా కులపోల్లకు మూలపురుషుడు ఒక ఋషి. పదహారేండ్లకే పోవాలని రాసి ఉండె. శివున్ని పట్టుకొని ఇడిసిపెట్టలే. యముడు ఎన్కకు పోయిండు. మా బామ్మర్దికి గది గూడ నచ్చదు."

నిజమే, నచ్చదు. చిన్నప్పుడు కులం గుడిలో ఆ కథ చెప్పిన పెద్దాయన్ని, ఆ రోజు చావాల్సిన మిగతా పిల్లల సంగతేమిటని అడిగాను. జవాబుగా నెత్తిమీద మొట్టికాయ పడింది. నా హేతువాదం అక్కడే మొదలైంది. ఆ పిల్లల సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"ఆఖరికి ఏమైంది? పుండు మానిందా?" అన్నాడు బావ.

రాజుది పుండే అని అతను ఎలా పోల్చాడో తెలియదు. తన కాలు చూసుకుని అనుకున్నాడేమో. "పుండే" అన్నాను. "అంజీర్ పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు ప్రవక్త. కట్టారు. మానింది."

ఇది నేను రెండు గీతలు గీసిన చోటు. బతుకుతావని దేవుడు చెప్పేశాక ఇంక కట్టెందుకు? కట్టు వల్ల మానితే దేవుడెందుకు? ఈ రెండు ప్రశ్నలూ ఆ వార్డులో గట్టిగానే అడిగాను. ఆమె కళ్లు మూసుకుని ఆమెన్ అంది. బావ సాయంత్రం దాకా సంతకం పెట్టలేదు. డాక్టరమ్మ ఒకసారి వచ్చి చూసి, "రేపు పొద్దున లాస్ట్" అని పోయింది.

తెల్లారి నేను చాయ్ తాగి వార్డులోకి వచ్చేసరికి బావ మంచం మీద దారానికి గుచ్చిన అంజీర్ పండ్ల దండ ఉంది. ఘన్‌పూర్ ఆమె పొద్దున్నే గేటు బయట ఎండు పండ్లమ్మే మేవా దుకాణంలో కొనుక్కొచ్చింది. స్టీలు గిన్నెలో కొన్నింటిని నానబెట్టి, బావ కాలు కట్టు విప్పడానికి నా కోసం కాచుకుని ఉంది.

"ఆగమ్మా" అన్నాను. "దాని మీద చెయ్యి వెయ్యకు."

"మీరే గద పాస్టరుగారూ చదివింది."

"కడితే కాలు పోదు, మనిషే పోతాడు."

"రాజుకు మానింది గద."

"అది కథమ్మా."

"నిన్న దేవుని మాట అన్నరు, ఇయ్యాల కథ అంటాండ్రు" అంది ఆమె. నేను నిన్న కూడా కథే అన్నాను. కానీ నిన్న అన్నది ఏదీ నేను అన్నట్టుగా ఆమెకు చేరలేదు. నేను గిన్నె పట్టుకుని లాగాను. ఆమె గిన్నె వదల్లేదు. ఈ లోపల బావ దండలోంచి ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది.

"షుగర్ పేషెంటుకు అంజీర్ ఎవరిచ్చారు?"

వార్డు మొత్తం నా వైపు చూసింది. "పాస్టరుగారు చదివిండ్రు మేడం" అంది ఘన్‌పూర్ ఆమె, నన్ను కాపాడుతున్నాననుకుని. "పుండు మీద కట్టాలని రాసి ఉన్నదట."

డాక్టరమ్మ నా చేతిలో ఉన్న గిన్నె చూసింది. "చదువుకున్నవాళ్లలాగే ఉన్నారు" అంది. "మీలాంటివాళ్ల వల్లే కాళ్లు కుళ్లబెట్టుకుని వస్తారు."

నా మీద ఈ ఊళ్లో చాలా ఆరోపణలు వచ్చాయి. దేవుళ్లను తిడతాడని, కులం పరువు తీస్తాడని, పెళ్లిళ్లలో ముహూర్తం అడిగితే గడియారం చూపిస్తాడని. నాటు వైద్యం ప్రచారం చేస్తాడన్నది అప్పుడే మొదటిసారి విన్నాను. నలభై ఏళ్ల నా రాతల్ని అక్కడ సాక్ష్యంగా పిలవడానికి వీల్లేదు. గిన్నె కింద పెట్టాను.

"మేడం, ఆయనను అనకుండ్రి" అన్నాడు బావ, పండు మింగి. "మా బామ్మర్ది దేవున్ని నమ్మడు, అంజీర్‌ను గూడ నమ్మడు. నన్ను ఒక మాట అడగనియ్యుండ్రి."

"సంతకం పెడతారా లేదా అదొక్కటి చెప్పండి."

"గదే చెప్తాన. రాత్రి నిద్ర రాలే, గా రాజు సంగతే సోంచాయించుకుంట పన్న. బతుకుతవ్ అని దేవుడు చెప్పినంక గూడ మందు కట్టిండ్రు. అంటే మాటతోటి పుండు మానదు, ఎవలో ఒకలు చెయ్యి పెట్టాలె. గప్పుడు అంజీర్ ఉండె, అంజీర్ కట్టిండ్రు. మీ దగ్గర కత్తి ఉన్నది. కొయ్యుండ్రి. గని మొత్తం గుంజెయ్యకుండ్రి. అతుకు పెట్టుకునేటందుకు జర ఉంచుండ్రి."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. నేను మగ్గం సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. నేను ఎప్పుడూ ఎవరినీ దయ అడగలేదు. గుళ్లో అడగలేదు, ఆఫీసుల్లో అడగలేదు. అడగడం నా సిద్ధాంతానికి విరుద్ధం. అక్కడ మాత్రం చేతులు కట్టుకుని, "కాలు ఎంత వరకు ఉంచగలరో చెప్పండి, ఎంత ఎక్కువ ఉంచితే అంత" అన్నాను. అది వైద్యపరంగా అడగదగ్గ ప్రశ్నేనని తర్వాత నన్ను నేను సమర్థించుకున్నాను. అడిగినప్పటి గొంతు మాత్రం ప్రశ్న అడిగే గొంతు కాదు.

ఆమె మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మోకాలు ఉంచాలనే చూస్తాం. మోకాలూ దాని కింద జానెడూ ఉంటే పెట్టుడు కాలు బాగా కూర్చుంటుంది. కానీ ప్రామిస్ చెయ్యలేను. లోపల రక్తం ఎక్కడిదాకా వస్తోందో కోశాకే తెలుస్తుంది. నిన్న చెప్పింది ఇవ్వాళ మారొచ్చు."

"మాట ఇయ్యకున్నా మంచిదే మేడం" అన్నాడు బావ. "ఇచ్చినోళ్లు గూడ మార్చుకుంటాండ్రు." అని సంతకం పెట్టాడు.

ఇంటి నుంచి వచ్చిన అక్క ఆపరేషన్ థియేటర్ బయట గోడకు ఆనుకుని కూర్చుంది. ఘన్‌పూర్ ఆమె కూడా వచ్చి కూర్చుంది. ప్రార్థన చేస్త, మీరు గూడ కండ్లు మూసుకోండ్రి అంది. అక్క మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆ కారిడార్‌లో సామాన్లు పోతాయని అందరూ అంటారు. ఆమె సంచి నా ఒళ్లో పెట్టుకుని, ఇద్దరి చెప్పుల మీదా కన్నేసి, ప్రార్థన అయ్యేదాకా మేలుకుని ఉన్నాను.

ప్రార్థన చాలా పొడుగ్గా సాగింది. దేవుణ్ణి ఆమె బతిమాలడం లేదు, నిలదీస్తోంది. మావోన్ని అయితే ఇయ్యలే, ఈయన కాలన్న జర ఉంచు అంది. నేను రాసే వ్యాసంలో వాదన ఇంత సూటిగా లేదని అనిపించింది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. మోకాలు ఉంది. కింద జానెడు కంటే కొంచెం తక్కువ ఉంది. ఆమె అదే గొంతుతో చెప్పి, మందులు రాసిచ్చి వెళ్లింది. తీర్పు మారలేదు, కాలు పోయింది. అడిగింది మాత్రం దాదాపు దొరికింది. ఇందులో దేవుడికి వాటా ఉందనడానికి నాకు ఆధారం కనిపించలేదు, లేదని ఆ కారిడార్‌లో వాదించాలనీ అనిపించలేదు. సంచి ఆమెకు ఇచ్చేశాను.

వాళ్లు మాకంటే ముందే ఇంటికి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆమె వార్డులో నా గురించి ఏం చెప్పిందో గాని, ఆ తర్వాత పరకాల నుంచి వచ్చిన ఒక ముసలాయన కొడుకు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎర్ర పెన్సిలు పాస్టరుగారు మీరేనా అన్నాడు. కాదని చెప్పాను. మీరు కాదనే అంటరని ఆమె చెప్పిందన్నాడు. వాళ్ల నాన్నకు నేనే వెళ్లి రాజు కథ చదివాను. అంజీర్ దగ్గర ఆపి, ఇది పాతకాలపు సంగతి, మీరు డాక్టరు చెప్పిందే చెయ్యాలని గట్టిగా చెప్పాను. ఆయనా ఆమెన్ అన్నాడు.

వ్యాసం అచ్చయింది. అందులో జలప్రళయం ఉంది, ఆ రాత్రి చచ్చిన సైన్యం ఉంది, తండ్రుల తప్పుకు మనవళ్లను కొట్టే న్యాయం ఉంది. రాజు పుండు లేదు. పేజీలు చాలలేదని సంపాదకుడికి చెప్పాను.

పెట్టుడు కాలు వచ్చి, బావ దాంతో నడవడం నేర్చుకున్నాక ఒక ఆదివారం కొత్తవాడ వెళ్లాను. మగ్గం మీద బట్ట లేదు. పన్నె మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, దాని వెనక పాత పోగుల కొసలు గుత్తులు గుత్తులుగా ముడివేసి వేలాడుతున్నాయి.

"గుంజెయ్యమన్నడు గదా" అన్నాను అక్కతో.

"బట్ట కొయ్యుమన్నడు, కోసిన. గుంజుడు గింజుడు నాతోని కాదు" అంది అక్క, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

బావ ముక్కాలిపీట మీద కూర్చుని కొత్త పడుగు అతుకుతున్నాడు. పక్కన చిప్పలో బూడిద ఉంది. పెట్టుడు కాలితో కర్ర తొక్కితే దెబ్బ సరిగా పడటం లేదట. మంచి కాలితో రెండు కర్రలూ తొక్కేలా మగ్గం మార్చుకోవాలట. మారుస్తాడో, మార్చినా నడుస్తుందో అతనికీ తెలియదు. పోగులు మాత్రం అతుకుతున్నాడు. నేను ఎదురుగా కూర్చుని కొత్త పోగుల చిక్కు విడదీసి అందిస్తున్నాను.

"గా రాజుకు పదిహేనేండ్లు ఇచ్చిండ్రు గద" అన్నాడు, తల ఎత్తకుండా. "అయి అయిపోయినంక ఏమైంది?"

"చచ్చిపోయాడు."

"మల్ల ఏడ్వలేదా?"

"రాయలేదు."

"ఏడ్సుడు గాదు, పనిల పడి ఉంటడు" అన్నాడు బావ. బూడిదలో వేళ్లు అద్దుకుని, "గా పక్క పోగు అందియ్యి" అన్నాడు.